నిందయు లెక్కయు

కావ్యమునకు విమర్శకులున్నారు, నాటకమునకును, నవలకును ఉన్నారు. కాని నేడు తెలుగునాట అన్నిటికంటె ఎక్కువగా వ్రాయబడుచు, అన్నిటికంటె ఎక్కువగా చదువబడుచున్న రచన యొకటి విమర్శకుల కంటబడక తిరుగుచున్నది. అది చేతిఫోనులలో ఇల్లిల్లు తిరుగు రాజకీయపు వ్రాత. వాట్సాపులోను, ఫేసుబుక్కులోను వచ్చు ఆ వ్రాత సాహిత్యము కాదని త్రోసివేయుట సులభము. కాని ఒక జాతి మాటాడు తీరునే మార్చుచున్న వ్రాతను విడిచి, కొలదిమంది చదువు కావ్యములను మాత్రమే విమర్శించుచు కూర్చుండుట మాకు న్యాయముగా తోపలేదు. కావున ఈ మాసమున దానినే పరిశీలింప బూనితిమి.

ఈ పరిశీలనకు అనంతపురపు మెట్టసీమను ఎన్నుకొంటిమి. సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేల యిది. వేరుసెనగ విత్తి, ఆకాశము వంక చూచి, వాన తప్పిన పిమ్మట బెంగుళూరికి కూలికి పోవు కుటుంబములు ఇచ్చట తరతరములుగా కలవు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఈ జిల్లాను రెండు చేసి శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పరచిరి. జిల్లా రెండయినది గాని కరవు రెండు కాలేదు. వాన తప్పినప్పుడు ఏ పక్షమువాని చేనును విడిచిపెట్టి ఎండదు. ఇట్టి చోట జనులు పక్షములుగా చీలి ఒకరినొకరు దూషించుకొనుచున్నారనిన, ఆ దూషణ ఎవరికి లాభమో విచారింపవలసియున్నది.

ఒక ఉదాహరణము తీసికొందము. హంద్రీ-నీవా కాలువ సంగతి మన చదువరులెరుగుదురు. శ్రీశైలము జలాశయపు నీటిని మల్యాల వద్ద ఎత్తి, 40 టి.ఎం.సి.ల నీటితో నాలుగు సీమ జిల్లాలలో 6,02,500 ఎకరములను తడుపవలెనని సంకల్పించిన పథకమది. దానికి ఒకటికి మించి శంకుస్థాపనలు జరిగినవి. 2012లో నీరు జీడిపల్లి జలాశయమునకు చేరినది. ఆ నీరు తెచ్చిన ఘనత ఎవరిదన్న వివాదము నాటినుండి నేటివరకు ఫోనులలో ఆరని మంటగా మండుచున్నది. ఒకరు తమ నాయకుని భగీరథుడందురు; మరియొకరు ఆ భగీరథుని దొంగయందురు. ఇందుకు ప్రతిగా మొదటివారు రెండవవారి నాయకుని ఇంటి ఆడువారిని వీథికీడ్తురు. కాని ప్రధాన కాలువలో నీరు పారుచున్నను పిల్లకాలువల పని ఏండ్ల తరబడి వెనుకబడియుండెను. ఏ ఊరిలో ఎన్ని ఎకరములకు నీరందినది? ఎన్నింటికి అందలేదు? అందకపోవుటకు కారణమెవరు? రైతునకు కావలసిన ప్రశ్నలివి. వేయి పోస్టులు తిరుగవేసినను వీనిలో ఒక్కటి కానరాదు.

ఇదియే ఆ రచన యొక్క మొదటి దోషము. అందులో విశేషణములు మెండు, విశేష్యము సున్న. తిట్టబడిన వాని పేరుండును గాని అతడు చేసిన పని ఏదో, ఏ నాడు చేసెనో, దాని వెల యెంతో ఉండదు. రెండవ దోషము, అది ఎవరితో మాటాడుచున్నదో ఎరుగదు. దొంగా యని పిలుచును గాని ఆ దొంగకు వినిపించునట్లు పిలువదు. తనవలెనే తలచువారి గుంపులో పిలిచి, వారి చప్పట్లు విని తృప్తిపడును. మూడవది, ఆ వ్రాతకు పూచీపడువాడు లేడు. ఎవరో వ్రాసిరి, మరెవరో పంపిరి, మనమును పంపితిమి. అబద్ధమని తేలిన నాడు అడుగబోయిన, అందరును పంపినవారే గాని వ్రాసినవాడు దొరకడు.

ఇవి కేవలము శైలీదోషములని ఊరకుండుటకు వీలులేదు. 2024 మే 13వ తేదీన పోలింగు జరిగినప్పుడును, ఆ మరునాడును తాడిపత్రిలో ఇరుపక్షములవారు రాళ్ళు రువ్వుకొనిరి. ఎన్నికల సంఘము జిల్లా పోలీసు అధికారిని సస్పెండు చేయవలసివచ్చినది. ఆ రాళ్ళన్నియు ఫోనులోనుండియే పుట్టినవని మేమనము. సీమలోని ముఠాకక్షలు ఫోనులకంటె చాల పాతవి. కాని ఆరిపోవుచున్న కక్షకు దినదినము చమురు పోయు పని నేడు ఈ వ్రాత చేయుచున్నది. ఇది మన వెనుకబాటుతనము వలన కలిగినదనుకొనుటయు పొరపాటు. చదువునకును సంపదకును పేరుపొందిన అమెరికాలో, ఓడిన అధ్యక్షుడే ఎన్నికను దొంగిలించిరని పదేపదే ప్రకటింపగా, 2021 జనవరి 6వ తేదీన ఒక మూక తమ దేశపు శాసనసభాభవనముపై పడినది. మన సీమనుండి ఆ దేశమునకు పోయి ఉద్యోగములు చేయుచున్న బిడ్డలు అచ్చటి చీలికను అచ్చట చూచుచు, ఇచ్చటి చీలికకు అచ్చటినుండి పోస్టులు పంపుచున్నారు. సముద్రములు దాటినను ఈ రోగము విడువదు.

మమ్ము ఎదిరించి ఇట్లనువారుందురు: "కడుపు మండినవాడు వ్యాకరణము చూచుకొని తిట్టునా? అర్జీ ఇచ్చి ఇచ్చి విసిగినవానికి ఫోను తప్ప దిక్కేది?" ఈ మాటలో సత్యము కలదు. ప్రతి సోమవారము కలెక్టరు కచ్చేరికి అర్జీలు పట్టుకొని వచ్చు ముసలివారిని చూచినవారెవరును దీనిని కాదనలేరు. ఆ అర్జీల కార్యక్రమమునకు 2019లో స్పందనయని పేరు పెట్టిరి. ప్రభుత్వము మారిన పిమ్మట 2024లో ప్రజా సమస్యల పరిష్కార వేదికయని పేరు మార్చిరి. ఇచ్చిన అర్జీయే మరల మరల ఇచ్చుటకు వచ్చువారు రెండు పేర్ల క్రిందను ఉండిరి. జవాబు రాని ప్రశ్న కోపమగును, కోపము బూతగును. కావున మేము కోపమును తప్పుపట్టుట లేదు. ఆ కోపము అర్జీకంటెను నిష్ఫలమైన దారి పట్టినదని మాత్రమే మా వాదము. అర్జీకి రసీదైనను ఉండును. బూతునకు అదియును లేదు. అంతేకాదు, తప్పుచేసిన యధికారికి బూతుకంటె మేలైన రక్షణ మరియొకటి లేదు. ప్రశ్నను విడిచి బూతును గూర్చి మాటాడుటకు అతనికి అవకాశము దొరకును.

మన భాషలో కఠినవాక్కు కొత్తది కాదు. కదిరి సమీపమున కటారుపల్లెలో సమాధి కలదని జనులు కొలుచు వేమన, తన కాలపు గురువులను, ధనికులను, డాంబికులను ఎంత పరుషముగా మాటాడెనో తెలియనివారు లేరు. కాని అతడు ప్రతి పద్యమును తన పేరు తానే పిలుచుకొని ముగించెను. లోకమునకు చెప్పిన ప్రతి మాటకును మొదటి శ్రోత తానే యయ్యెను. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి ఉద్యోగుల లంచములను వెల్లడించినప్పుడు, తమ పేరితో, తాము కాపురమున్న ఊరిలోనే వ్రాసిరి. అనంతపురముననే 1926 నుండి శ్రీ సాధన పత్రికను నడపిన పప్పూరు రామాచార్యులుగారును, వ్రాసిన మాటకు మరునాడు వీథిలో ఎదురైనవారికి జవాబు చెప్పుకొనవలసినవారే. వీరి మాటలో కారము తక్కువ కాదు. కాని ఆ కారమునకు ఒక పూచీదారుడుండెను. నేటి వ్రాత కారమును ఉంచుకొని పూచీని పారవేసినది.

ఇట్లు పూచీతో కూడిన మాట ఈ దినములలో సాధ్యము కాదందురా? సాధ్యమని ఈ జిల్లాయే చూపినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన నార్పల మండలములోని బండ్లపల్లెలో నాటి ప్రధానమంత్రి మన్‌మోహన్ సింగుగారు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును దేశమునకు ప్రారంభించిరి. దేశములో మొదట 200 జిల్లాలకు వచ్చిన ఆ పథకమునకు ఈ కరవుపల్లె మొదటి మెట్టు. ఆ చట్టములోని 17వ సెక్షను, జరిగిన పనులను గ్రామసభయే తనిఖీ చేయవలెనని విధించినది. అంతకుముందు 1994 నుండి రాజస్థానములోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటనవారు ఊరి నడుమ లెక్కలు చదివి వినిపించు సభలు నడపియుండిరి. ఆ పద్ధతిని మన రాష్ట్ర ప్రభుత్వమే చేపట్టి, 2006లోనే అనంతపురము జిల్లాలో పెద్ద యెత్తున సామాజిక తనిఖీ జరిపించినది. 2009లో దానికై ప్రత్యేక సంస్థను నెలకొల్పినది.

ఆ తనిఖీ నడచిన తీరును ఒక రచనను పరిశీలించినట్లు పరిశీలింతుము. కూలి కుటుంబములలోని యువతీయువకులు కొలది దినములు శిక్షణ పొంది, మస్టరు నకళ్ళు పట్టుకొని ఇల్లిల్లు తిరుగుదురు. ఈ పేరు నీదేనా, ఈ వారము పనికి పోతివా, ఎన్ని దినములు, ఎంత కూలి ముట్టినది అని అడిగి వ్రాసికొందురు. పిదప గ్రామసభలో దానిని బిగ్గరగా చదువుదురు. ఆ తరువాత మండలకేంద్రమున ప్రజావేదికపై అధికారులు, ఫీల్డు అసిస్టెంటు, కూలీలు అందరును ఎదురెదురుగా కూర్చుండగా ఒక్కొక్క ఆరోపణను చదివి, జవాబు విని, తీర్మానమును వ్రాయుదురు. ఆ చదువులో విశేషణము ఒక్కటియు ఉండదు. ఒక పేరు, ఒక తేదీ, ఒక మొత్తము, అంతే. కాని చనిపోయినవాని పేర కూలి వ్రాసికొన్న సంగతి అట్లు చదివినప్పుడు సభలో పుట్టు నిశ్శబ్దము ఏ బూతుకును రాదు. అక్షరము రానివారు సైతము విని అవునో కాదో చెప్పగల గద్యమది. ఆంధ్రదేశమున ఆ పనికి పోయినవారిలో సగమునకు మించి స్త్రీలు. పెద్దల ఎదుట నోరెత్తుట తప్పని నేర్పబడిన ఆడువారు మైకు పట్టుకొని, ఈ వేలిముద్ర నాది కాదు అని చెప్పుట ఏ సంస్కర్త ఉపన్యాసమునకును తీసిపోని సంస్కారము.

ఈ పద్ధతి నిర్దుష్టమని మేము చెప్పము. తప్పుడు లెక్కయని తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది స్వల్పభాగమే. శిక్షింపబడినవారిలో చిన్న ఉద్యోగులే ఎక్కువ. వారి వెనుకనున్న పెద్దలు వేదిక మెట్లెక్కుట అరుదు. గ్రామసభకే రానివారు, వచ్చినను తమ పక్షమువాని తప్పు విననట్లు కూర్చుండువారు ప్రతి ఊరను ఉన్నారు. ఆ పథకపు చట్టమునకు మారుగా 2025 డిసెంబరులో పార్లమెంటు వేరొక చట్టమును ఆమోదించినది. చట్టము పేరు మారవచ్చును. కాని లెక్కను ఊరి నడుమ చదువవలెనన్న అలవాటును మారిపోనిచ్చినచో, ఈ సీమ ఇరువది యేండ్లలో నేర్చిన ఒక మంచి విద్యను మరచినట్లే యగును. దాని లోపములకు మందు మరింత మంది గ్రామసభకు పోవుటయే గాని, ఇంట కూర్చుండి ఫోనులో తిట్టుట కాదు.

ఫోనులోని వ్రాతకు పోలీసువారే మందని తలచువారును కలరు. ఆ మందును మన రాష్ట్రము రుచి చూచినది. విశాఖపట్టణమున 2020 మే 7వ తేదీన విషవాయువు వెలువడి ప్రాణములు పోయినప్పుడు, ఆ సంగతిని గూర్చి ప్రశ్నలు వేసిన ఒక వృద్ధురాలికి సి.ఐ.డి.వారు నోటీసు ఇచ్చిరి. ప్రభుత్వము మారిన పిమ్మట 2024 నవంబరులో ఎదుటి పక్షమువారిపై పోస్టుల నిమిత్తమై అనేక కేసులు పెట్టిరి. అసభ్యముగా స్త్రీలను దూషించువానిని చట్టము శిక్షింపవలసినదే. కాని ప్రశ్నకును దూషణకును భేదము చూపక, అధికారములోనున్న పక్షమును బట్టి నేరము మారునట్లయిన, అది జవాబుదారీతనము కాదు; వంతులవారీ పగ. వ్రాతలను అస్పష్టమైన మాటలతో నేరములుగా చేసిన సమాచార సాంకేతిక చట్టపు 66-ఎ సెక్షనును సుప్రీముకోర్టు 2015 మార్చి 24వ తేదీన కొట్టివేయుటకు కారణమును రెండు పక్షములవారును మరల చదువుకొనవలెను.

ఇక గృహస్థులగు మన చదువరులకు మా మనవి. ఈ వ్రాత మన ఇండ్లలోనే చదువబడుచున్నది. మన వ్రేళ్ళతోనే పంపబడుచున్నది. ఒక పోస్టు చేతికి వచ్చినప్పుడు, ఇందులో పని యేది, తేదీ యేది, మొత్తమెంత, జవాబు చెప్పవలసినవాడెవడు అని అడిగిచూడుడు. నాలుగింటిలో ఒక్కటియు లేనిచో దానిని అచ్చటనే నిలిపివేయుడు. నాలుగును ఉన్నచో ఫోనులో పంపుటతో ఊరకుండక, కాగితముపై వ్రాసి, సంతకము చేసి, గ్రామసభకు కొనిపొండు. సమాచార హక్కు చట్టము 2005 అక్టోబరు నుండి అమలులో నున్నది. పది రూపాయల రుసుముతో సామాన్యుడు సైతము ప్రభుత్వపు కాగితమును అడుగవచ్చును. మీ పక్షమువాని లెక్కను కూడ అడుగుడు. ఎదుటి పక్షమువానిని మాత్రమే అడుగువాడు పౌరుడు కాడు, బంటు.

ముఠానాయకునికి బంట్లు కావలెను. కరవునేలకు కావలసినవారు వేరు. వానలేని యేట నీటిచుక్కను లెక్కించి పొదుపు చేయు ఇల్లాండ్రు ఈ సీమలో ఇంటింట ఉన్నారు. ఆ లెక్కను కుండ దగ్గరనే ఆపక, కాలువ దగ్గరకును, కచ్చేరి దగ్గరకును తీసికొనిపోవుదురు గాక.