ఆగిపోయిందంటే అర్థముంది

పోయిన ఆదివారం పక్కవీధి ఆవిడ పాత వీసీఆర్‌నీ, 1991 నాటి తన పెళ్లి క్యాసెట్‌నీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "నాలుగు క్షణాలు ఆడి ఆగిపోతోంది అన్నయ్యగారూ. హెడ్ పోయిందంటున్నారు."

ఈ రిపేరు పని నేర్చుకునే రోజుల్లో నేనూ ముందు టేపు చదివే ఆ హెడ్‌నే అనుమానించేవాణ్ణి. దూదిపుల్లతో తుడవబోయి ఒకటి విరగ్గొట్టాను కూడా. నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ములో అదో వెంట్రుకంత ముక్క. హెడ్‌కి మురికి పడితే తెరంతా చుక్కలొస్తాయి గానీ టేపు ఆగదు.

మూత విప్పాను. రీళ్లను తిప్పే ఐడ్లర్ చక్రానికి తొడిగిన రబ్బరు రింగు గట్టిపడి, గాజులా నున్నబడింది. క్యాప్‌స్టన్ సెకనుకు రెండు సెంటీమీటర్లకు పైగా టేపు లాగుతోంది. దాన్ని చుట్టుకోవాల్సిన రీలు మాత్రం తిరగడంలేదు. ఆ సంగతి సెన్సార్ కనిపెట్టి, టేపు లోపల కుప్పపడకముందే యంత్రాన్ని ఆపేస్తోంది.

వాడితే అరిగేవి కొన్నయితే, మూలన పెడితే చెడేవి ఎక్కువ. బెల్టులు సాగుతాయి, గ్రీజు బంక కడుతుంది. మోడ్ స్విచ్ రేకులు నల్లబడితే, ఏ దశలో ఉందో యంత్రానికే తెలియక పెట్టిన క్యాసెట్‌ను బయటికి నెట్టేస్తుంది. అసలు ఆన్ కాకపోతే పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. అక్కడ చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీసినా చాలదు. పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవుండిపోవచ్చు. వీసీఆర్‌లు చేసిన చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లో ఆపేసింది. ఇప్పుడు ఒక యంత్రం బతకాలంటే చాలాసార్లు ఇంకో దాని భాగాలు తీయాల్సి వస్తుంది.

కొత్త రింగు తొడిగి, ముందు పనికిరాని సినిమా క్యాసెట్‌ను గంటసేపు ఆడించాను. పెళ్లి క్యాసెట్‌తో పరీక్షలు చెయ్యకూడదు.

"ఆగినప్పుడల్లా ఏం చేశారమ్మా?"

"మళ్లీ ప్లే నొక్కాను. వారం రోజులు నొక్కుతూనే ఉన్నాను."

చివరికి ఆవిడ క్యాసెట్ పెట్టాం. మొదట శుభలేఖ వచ్చింది. వరుడి పేరు మీదుగా ఒక తెల్లటి చార పైకి పాకింది. టేపు నలిగిన చోటది. ఆ తర్వాత పెళ్లంతా శుభ్రంగా ఉంది.