మాయ వెనక చేయి

అమెరికా రాక్ బృందం కిస్ వీడియోలు చూసినప్పుడల్లా నాకు సురభి నాటక సమాజం వారి మాయాబజార్ గుర్తొస్తుంది. ముఖాల నిండా తెలుపూ నలుపూ రంగులు, ఎత్తుమడమల బూట్లు, నోట్లోంచి మంటలు, కక్కే నెత్తురు, చెవులు దద్దరిల్లే గిటార్లు. తిరువూరులో పద్యనాటకాలు చూసి పెరిగిన నాకు ఇందులో వింతేమీ లేదు. ఘటోత్కచుడు మనకు పాత చుట్టమే.

కిస్ 1973లో న్యూయార్క్‌లో పుట్టింది. సురభి 1885లోనే, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ' ఆడించినప్పుడు పుట్టింది. ఇద్దరిదీ ఒకటే సూత్రం: టిక్కెట్టు కొన్నవాడికి చెవితో పాటు కన్నూ నిండాలి.

ఈ విద్యలో కిటుకంతా అదనులో ఉంది. సురభి నాటకంలో రెండు బాణాలు గాలిలో ఢీకొంటే నిప్పురవ్వలు రాలతాయి. అక్కడున్నది సన్నటి తీగ, తెర చాటున దాన్ని లాగే మనిషి. హార్మోనియం మీద పద్యం ఎక్కడ ముగుస్తుందో ఎరగనివాడు ఆ తీగ పట్టుకుంటే యుద్ధం కాస్తా నవ్వులపాలవుతుంది. కిస్‌కూ ఆ గండం తప్పలేదు. 1973 డిసెంబరు 31 రాత్రి మంట ఊదబోయి ఆ బృందంలోని జీన్ సిమన్స్ తన జుట్టే అంటించుకున్నాడు. అయినా ఆ విద్య మానలేదు.

1983లో కిస్ రంగు కడిగేసుకుని జనం ముందుకొచ్చింది. 1996లో మొదటి నలుగురూ కలిసి మళ్లీ రంగు పూసుకునేసరికి జనం విరగబడ్డారు. వేషం తీసేస్తే వాళ్ల పాటలో సగం పోయినట్టేనని ప్రేక్షకులే తేల్చేశారు.

2023 డిసెంబరు 2న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చివరి కచేరీ ముగించి, ఇకమీదట తమ డిజిటల్ రూపాలు పాడతాయని ప్రకటించారు. సురభి వారసత్వం వేరు. అక్కడ పసితనంలోనే రంగు పూసుకుని వేదికెక్కుతారు. నటిస్తూనే తెర కట్టడం, తీగ లాగడం పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకుంటారు. 2013లో పద్మశ్రీ అందుకున్న సురభి బాబ్జీ అలా వచ్చినవారే. 2022లో ఆయన పోయారు, నాటకం ఆగలేదు. తెరమీద బొమ్మకు అలుపు రాదు, కానీ అది ఎవరికీ చేయిపట్టి నేర్పలేదు. అందుకే నా ఓటు సురభికి.

మా ఊరి ఉత్సవ కమిటీల పెద్దలకు ఒక మనవి. డీజే బాక్సులకు పెట్టే సొమ్ములో కొంత తీసి, ఈ ఏడు సురభి వాళ్లను పిలవండి. పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి. నాటకం అయ్యాక తెర వెనక్కి కూడా తీసుకెళ్లి చూపించండి.