పల్నాటి హేమంతము – రసికదృష్టి

రసికుడైనవాడు పల్నాటి కేగడని చెప్పు చాటుపద్యమొకటి శ్రీనాథుని పేర నాంధ్రదేశమున జిరకాలముగ వ్యాపించియున్నది. ఆ సీమలో నెంతటివారికిని కాయకష్టమును జొన్నయన్నమును దప్పవని దాని తాత్పర్యము. మరియొక చాటువు అచ్చటి రాతిని, నీటిని, కూటిని, విషజంతువులను లెక్కపెట్టి యంతటితో ముగియును. ఇవి శ్రీనాథుని రచనలగునా కావా యను చర్చ వేరు. ఆ కవి విద్యాధికారియై వెలసిన కొండవీడు 2022లో నేర్పడిన పల్నాడు జిల్లాలోనే చేరుట కాలము చేసిన చమత్కారము. అక్కిరాజు ఉమాకాంతము 1911లో బ్రకటించిన పల్నాటి వీరచరిత్రయు నా కవి పేరనే వెలసినది. ఒక్క పేరు క్రింద నొక్క సీమకు రెండు రూపములు: వీరులకది పుణ్యభూమి, రసికులకు మరుభూమి. మొదటి రూపమునుగూర్చి పండితులు మిక్కిలిగ వ్రాసిరి. రెండవదానిని నవ్వి విడిచిరి. కాని యా నవ్వు నాలుగైదు శతాబ్దులుగ విమర్శవలె జెల్లుబడి యగుచున్నది గావున, ఆ చాటువులోని రసికుడెవడో, వాడు పల్నాటిలో దేనిని జూడకపోయెనో విచారింపదగియున్నది.

ఋతువర్ణనము ప్రబంధమున కవశ్యకములైన యష్టాదశవర్ణనములలో నొకటి. అందు వసంతమునకును వర్షర్తువునకును లభించిన యాదరము హేమంతమునకు లభింపలేదు. హేమంతమనగానే కవి తలుపులు మూసికొని లోపల గూర్చుండును. కుంపటియు, కంబళియు, అగరుధూపమును, ప్రియాపరిష్వంగమును వర్ణితములగును. వెలుపలి పొలము వానికి వలదు. ఈ మాటకు మహాకవులు కొంత మినహాయింపు. వాల్మీకి యరణ్యకాండమున లక్ష్మణునిచే బంచవటి హేమంతమును జెప్పించుచు, మంచుచే రేకులు రాలి కేసరములు చెడి కాడలు మాత్రము మిగిలిన తామరకొలకులను జూచెను. అంత సూక్ష్మముగ జూచినవాడును అవి శోభింపవనియే తీర్పు చెప్పెను. కాళిదాసు ఋతుసంహారమున జలిగాలికి వెలవెలబోయిన ప్రియంగులతను గాంచి విరహిణితో బోల్చెను. వన్నె దరిగిన మొక్క యుపమేయమైనది, మేలే. కాని యచ్చటను వన్నె తరుగుట లోపముగనే భావింపబడినది. పూచినది యందము, ఎండినది దాని యభావము: సంప్రదాయమునందలి మూలసూత్ర మిదియే. గింజపట్టిన కంకికి, విచ్చిన కాయకు, పండుబారిన గడ్డికి దమదియైన రూపమొకటి గలదను భావన కా సూత్రములో జోటులేదు.

ఈ విషయమున సంస్కృతకావ్యముకంటె ప్రాకృతగాథ ముందంజ వేసినది. శాతవాహనుడైన హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో వరిచేలు పండి తెల్లబారగా సంకేతస్థలము పోయెనని దుఃఖించు పడుచు నొకతె యోదార్చుచు, పచ్చగ బూచిన జనుపచేను జూపును. చేని యొక్క దశ మారినపుడెల్ల పల్లెబ్రదుకు మారునని యెరిగిన చూపది. ఆ చూపు తెలుగు ప్రబంధములోనికి రాలేదు. అది తెలుగు నుడిలో నిలిచినది.

పల్నాటిలో హేమంతము వీరుల పండుగతో వచ్చును. కార్తీకామావాస్యనాడు కారెంపూడిలో నాగులేటి యొడ్డున రాచగావుతో నారంభమై రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని యైదుదినము లా యుత్సవము జరుగును. యాత్రికుల చూపు కొణతములమీదను వీరుల గుడిమీదను నుండును. త్రోవకిరువంకల నిలిచియున్న వానిని చూచువారరుదు. నల్లరేగడి గట్లమీద గునుగు వెండిజలతారు కుచ్చులవలె నిలిచియుండును. దాని వెన్ను నలిపిన యెడల నూనె రాచినట్లు మెరయు నల్లని చిరుగింజలు చేతిలో రాలును. పూవెండినను రేకు రాలదు, రంగుమాత్రము గులాబివన్నెనుండి వెండివన్నెకు దిగును. తంగేడు పసుపుపూవు లుడిగి పలుచని చదునైన కాయలతో గాలికి గలగలలాడును. ఒక్కొక్క కాయలో గింజగింజకు నడుమ నడ్డగీతలు. వెలుతురున కెత్తిపట్టినచో నవి తాటాకుమీది వ్రాతవలె నగపడును. ఉత్తరేణి భాద్రపదమున వినాయకుని పత్రిలో నపామార్గమను పేర బూజ లందుకొన్నదే. మార్గశిరమునాటికి వాడియైన గింజలన్నియు మొనలు క్రిందికి వంచుకొని కాడ కంటియుండి, త్రోవబోవువాని పంచె నంటుకొని పొరుగూరు చేరును. జిల్లేటికాయ పగిలి, పొలుసులవలె నొకదానిపై నొకటి పేర్చిన గింజలు పట్టుకుచ్చులతో నొక్కటొక్కటిగ లేచిపోవును. పత్తి పండించు నా సీమలో దానిని జూచి దూదియని భ్రమించు పిల్లవాడుండడు.

అన్నింటికంటె తుత్తురబెండ విశేషముగ జెప్పదగినది. దాని కాయ బండిచక్రమువంటిది. పదునైదిరువది యరలు నడిమి యిరుసు చుట్టు కూర్చినట్లుండి, యెండినకొలది నలుపెక్కి యరలు విడివడును. పల్లెపిల్లలు దానిని మెత్తని పిండిమీదను మట్టిమీదను నద్ది ముద్ర వేయుదురు. ముద్రబెండ యను పేరందుకే కలిగినది. శాస్త్రజ్ఞుడు దానిని అతిబల యనును, వైద్యుడు వేరు గొనును. ముద్రను జూచినది పిల్లవాడు. ఆ పేరు పెట్టినవాడు, ఎవడైనను, హేమంతమునగూర్చి యొక్క పదముతో గావ్యము వ్రాసినాడనుట యతిశయోక్తి గాదు.

నుడినుండి యిట్టి తార్కాణము లింకను జూపవచ్చును. తామరపూవు రేకులు రాలిన పిదప మిగులు గింజలబొడ్డునకు దుద్దని పేరు. స్త్రీలు చెవులకు బెట్టుకొను దుద్దులకును నదియే పేరు. వాల్మీకి శోభింపదన్న దానిని తెలుగువనిత బంగారమున జేయించుకొని చెవిని ధరించినది. ఎండిన తాటికమ్మనుండి కమ్మలు వచ్చినవి. విచ్చిన కాయలో నెర్రగ మెరయు గురివెందగింజ కంసాలి త్రాసులో బంగారమునకు దూనికరాయి యైనది. క్రొత్తవరివెన్నులను కుచ్చుగ నల్లి పిచ్చుకలకై చూరునకు వ్రేలగట్టుట తెలుగుపల్లెల యాచారము. అదియు గింజకంకి యందమెరిగిన చేతిపనియే. ఇవియన్నియు కవులు మూసికొన్న తలుపునకు వెలుపల జరిగినవి.

శిలను గూర్చియు నొక్కమాట. చాటువులో నిందకెక్కిన నాపరాయి సున్నపురాతి జాతిది. పల్నాటి సున్నపురాతినే యమరావతి శిల్పులు చెక్కిరి. చెన్నపట్టణపు మ్యూజియమునందును, లండనునందలి బ్రిటిష్ మ్యూజియమునందును నున్న యమరావతి ఫలకములలోని పద్మములను జూడుడు: రేకులు వలయములై తిరుగ నడుమ నుబికియున్నది దుద్దే. మాచెర్ల చెంతనున్న నాగార్జునకొండ శిల్పమును నట్టి రాతియందే వెలసినది. రాతిని దూషించిన రసికునకు వేయేండ్లకుమించి పూర్వమే యా రాతిలో బూవును గింజకొటారును గలసి వికసించియున్నవి. చాటువునకు నవ్వినవారిలో నెందరీ సంగతి దలచిరో తెలియదు.

ఇట జాగ్రత్త వహింపవలసిన చోటొకటి గలదు. గునుగు చూచువానికి వెండికుచ్చు. కలుపుతీయు కూలిస్త్రీకి నడుము విరుచు పని. పల్లేరు పేరు వినుటకు సొంపైనది. చెప్పులులేని కాలికి గాదు. జొన్నకూటిని హేళనచేసిన చాటువు నిజముగ నొక కఱవుసీమను జూచి వ్రాసినదే కావచ్చును. కావున, ఎండినదానియం దందమును జూచువాడు ఎండిన కడుపును మరచెనేని వాడును దలుపు మూసికొన్నవాడే. రసికుడు పోడన్న కవి దోషము కష్టమును జెప్పుట గాదు. కష్టమున్నచోట రసము లేదని నిశ్చయించుట. ఏకులు వడకిన చేయియే దుద్దులను మెచ్చిన చేయి యని యాతడు తలపడు.

కాలము సీమరూపును మార్చినది. 1955లో శంకుస్థాపనమైన నాగార్జునసాగరమునుండి 1967లో కుడికాలువకు నీరు విడువబడినది. జొన్నచేలు పెక్కింట వరియు మిరపయు వచ్చెను. జొన్నకూటి మాట చాలవరకు గతించిన మాట. గునుగు నిలిచిన గట్లు తరిగి కలుపుమందులు పెరిగినవి. బీళ్ల నిప్పుడు సర్కారుతుమ్మయు, 1955 ప్రాంతమున బూనాలో గానవచ్చి దేశమంతట బ్రాకిన వయ్యారిభామయు నాక్రమించినవి. ఈ మొక్కకు వయ్యారిభామ యని పేరిడిన జనులకు రూపజ్ఞానమును హాస్యమును రెండును గలవు. కాని తుత్తురబెండతో ముద్రవేయు పిల్లలు తగ్గినకొలది ముద్రబెండ యను పేరు నిఘంటువునకే పరిమితమగును. పదము పోయినపిదప మొక్క యున్నను గానరాదు.

చాటువునకు సమాధానము పల్నాటి గడ్డమీదనే పుట్టినది. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱము జాషువ, ప్రబంధకవు లుపేక్షించిన యల్పప్రాణుల పనితనమును ఖండకావ్యములకు వస్తువు జేసికొనెను. సాలీడును, గిజిగానిని వర్ణించిన యాయన ఖండికలు పెక్కుసారులు పాఠ్యపుస్తకములలో జేరినవి. విమర్శకులు వానిలో బక్షిని, కీటకమును, పేదవాని నేర్పును జూచిరి. గూడు దేనితో నల్లబడినదో యంతగ జూచినట్లు లేదు. అది గడ్డిపరక: చాటువు లెక్కింపనైన లెక్కింపనిది. గిజిగాడు గూడల్లునది వర్షకాలమున. అప్పుడది యాకులలో మరుగుపడియుండును, పరకలింకను బచ్చగనే యుండును. పుష్యమాసమున, పిల్లలెగిరిపోయి యాకు పలుచబడిన తుమ్మకొమ్మకు బండువన్నె దిరిగిన గూడు నాగులేటిపై వ్రేలాడునపుడు, దాని యల్లిక పోగుపోగు లెక్కింప వీలగును.