బల్ల మీద ట్యూబులు

మంగు మచ్చలని వచ్చినవాళ్ళ ముఖం నేను వెంటనే చూడను. ఇంతవరకూ రాసినవన్నీ తెచ్చారా అని అడుగుతాను. హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెడతారు. సగం పిండిన ట్యూబులు, మూత పోయినవి, అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి ఆఖరి చుక్క దాకా వాడినవి, పక్కింటావిడ ఇచ్చిన డబ్బా, దుబాయ్ నుంచి మరిది పంపిన పేరూ ఊరూ లేని క్రీము. ఆ వరస చూస్తే ముఖం మీద ఏం జరిగి ఉంటుందో ముప్పాతిక వంతు తెలిసిపోతుంది. గుంటూరులో చర్మవ్యాధుల ప్రాక్టీసు పెట్టాక నేను నేర్చుకున్న పనుల్లో మందు రాయడం కంటే ఈ సంచీ విప్పించడమే ఎక్కువ అక్కరకొచ్చింది.

ఆ ట్యూబుల్లో దాదాపు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్, మూడూ కలిపిన క్రీము. ఎవరు రాశారమ్మా అంటే, ‘‘మెడికల్ షాపులో ఇచ్చారండి’’, ‘‘మా తోడికోడలికి తగ్గిందండి’’, ‘‘పార్లర్ అమ్మాయి చెప్పిందండి’’. రాసిన రెండు మూడు వారాల్లో ముఖం తేటపడుతుంది. ఏం రాస్తున్నావే అని చుట్టాలు అడుగుతారు. చిక్కంతా అక్కడే మొదలు. ఆపగానే మచ్చ తిరిగొస్తుంది, ఒక్కోసారి మునుపటి కంటే నల్లగా. మళ్ళీ రాస్తారు. ఏడాది తిరిగేసరికి చర్మం పల్చబడి బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలతాయి. ఎండలోకి వెళ్తే మంట, పొయ్యి దగ్గర నిలబడితే మంట, పైగా మొటిమలు, నూగు. దీన్ని ‘స్టెరాయిడ్ దెబ్బతిన్న ముఖం’ అంటున్నాం. ఆ పేరు పెట్టింది మన దేశపు డాక్టర్లే, ఎందుకంటే ఇన్ని ముఖాలు చూడాల్సి వచ్చిందీ మనమే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే షాపు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టి వస్తాను.

ఆ మూడు మందుల కలయికను మాత్రం నేను తిట్టను. 1975లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్లిగ్మన్, విల్లిస్ అనే మరో డాక్టరుతో కలిసి దాన్ని ప్రకటించాడు. (ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మం మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి చెడ్డపేరు తెచ్చుకున్న క్లిగ్మన్ ఈయనే. మా పాఠ్యపుస్తకాల్లో మందు పేరుంటుంది, ఆ కథ ఉండదు.) ఇప్పటికీ కొన్ని వారాలకు, కళ్ళముందు పెట్టుకుని, నేనూ రాస్తాను. విచిత్రమేమిటంటే అదే 1975లో దక్షిణాఫ్రికాలో ఫిండ్లే అనే డాక్టరు, ముఖం తెల్లబడాలని హైడ్రోక్వినోన్ క్రీములు చాలాకాలం రాసుకున్నవాళ్ళ చర్మం నీలం కలిసిన నలుపుకు తిరగడం గమనించి రాశాడు. ఓక్రోనోసిస్ అంటారు. మచ్చ పోవాలని రాసిన మందే మచ్చ తెస్తుందన్నమాట, అదొచ్చిందంటే వదిలించడం మహా కష్టం. మన దగ్గర ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్‌లోకి వచ్చిందీ 1975లోనే. అది మందు కాదు, 2020లో పేరు కూడా గ్లో అండ్ లవ్లీ అయింది. కానీ మంగు తగ్గడం, తెల్లబడటం ఒకటేనన్న భ్రమ మన ఇళ్ళల్లో స్థిరపడింది ఆ తరవాతి ఏళ్ళలోనే. ఇప్పుడు మెడికల్ షాపు కౌంటరు దగ్గర రెండింటికీ చేతికొచ్చేది ఒకే ట్యూబు.

అందుకే ట్యూబుల సంగతి తేలాక అద్దం ఇచ్చి, గడ్డం కింద చర్మం చూసుకోమంటాను. ‘‘మీ రంగు ఇది. బుగ్గల్ని ఇక్కడిదాకా తేవడానికి చూద్దాం. ఇంతకంటే ముందుకు వెళ్ళను.’’ కొందరి ముఖం అక్కడే చిన్నబోతుంది. ఒకావిడైతే, ‘‘ఈ మాత్రానికి మీదాకా రావడం ఎందుకండీ’’ అని లేచింది. మళ్ళీ వచ్చింది లెండి, ఇంకో మూడు ట్యూబుల తరవాత.

మంగు ఎందుకొస్తుందన్నదానికి ఊళ్ళో రకరకాల జవాబులున్నాయి. లివర్ చెడిందని, రక్తం మురికైందని, దిష్టి అని. లివర్‌కి ఇందులో పాత్ర లేదు. రంగు తయారుచేసే కణాలు అందరికీ ఉన్నవే, మంగు పట్టినచోట అవి అతిగా పనిచేస్తుంటాయి. వాటిని ఎగదోసేవి ఎండ, కడుపుతో ఉన్నప్పటి హార్మోన్లు, గర్భనిరోధక మాత్రలు, వంశం. కొందరిలో థైరాయిడ్ తేడా కూడా తోడుంటుంది. బుగ్గలు, నుదురు, ముక్కు దూలం, పై పెదవి దాని చోట్లు. రంగు చర్మం పైపొరలోనే ఉంటే మందుకి లొంగుతుంది, లోపలి పొరలోకి దిగితే మొండికేస్తుంది. ఎంత లోతో చూడటానికి వుడ్స్ ల్యాంప్ అని ఒక ఊదారంగు దీపం ఉంది, కానీ మన చామనఛాయల మీద అది చెప్పే సాక్ష్యం అంత నిక్కచ్చిగా ఉండదు.

ముఖం మీద నలుపంతా మంగు కాదు. నా సమయంలో ఎక్కువ భాగం దీనికే పోతుంది. కణతలు, బుగ్గ ఎముకల పక్కన చర్మం నల్లగా, కాస్త మందంగా ఉంటే మెడ చూస్తాను. మెడ మడతల్లోనూ అదే ఉందంటే క్రీము సంగతి తరవాత, ముందు షుగర్ పరీక్ష, నడుం కొలత. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చర్మం ముందే చెబుతున్న కబురది. నుదుటి అంచున, చెవుల ముందు బూడిదరంగు నలుపు పాకుతుంటే జుట్టుకి ఏం వేస్తున్నారని అడుగుతాను. నల్లరంగులో ఉండే పీపీడీ అనే రసాయనం పడక కొందరికి ఇలా వస్తుంది. ‘‘నాచురల్ హెన్నా అండీ’’ అంటారు. పెట్టిన అరగంటకే జుట్టు నల్లబడిందంటే అందులో గోరింటాకు ఒక్కటే ఉందని నేను నమ్మను. గోరింటాకు ఎరుపు ఇస్తుంది, నలుపు కాదు. బొట్టు పెట్టుకునే చోట మాత్రమే నల్లబడితే కుంకుమ మార్చి చూడమంటాను. సెంట్లు, తలనూనెలు కూడా అనుమానితుల జాబితాలో ఉంటాయి. వీటన్నిటికీ ఆ మూడు మందుల క్రీమే రాసుకుని వచ్చినవాళ్ళున్నారు.

ఇక సన్‌స్క్రీన్. మంగుకి ఇదే అసలు మందు, మిగిలినవన్నీ దీని వెనకే. కానీ రాసుకునే తీరు చూస్తే ఏడుపొస్తుంది. కందిగింజంత తీసి ముఖమంతా సర్దుతారు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది, రెండు మూడు గంటలకోసారి మళ్ళీ రాయాలి. అలా వాడితే 50 గ్రాముల ట్యూబు నెల రాదు. ఇంట్లోనే ఉంటాం కదా అంటారు. కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏని చాలావరకు రానిస్తుంది. దానికి తోడు కంటికి కనిపించే వెలుగు కూడా మన రంగు చర్మాల్లో మంగుని రెచ్చగొడుతుంది. దాన్ని అడ్డుకోవాలంటే ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ కావాలి. దుకాణాల్లో దొరికేవాటిలో చాలావాటి రంగు ఎవరిని చూసి కలిపారో గానీ, మన బుగ్గల మీద పిండి పూసినట్టుంటుంది.

ఇదంతా కొనగలిగినవాళ్ళ మాట. మిర్చి కోతలకి, నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు ఎండాకాలం పోయాక వస్తారు. ట్యూబు ధర చెబితే మొహాలు చూసుకుంటారు, అది ఒక రోజు కూలి. వాళ్ళకి క్రీము పేరు రాసివ్వడం నాకు సిగ్గనిపిస్తుంది. నుదురు దిగేలా చుట్టిన మందపాటి తువ్వాలు, దాని మీద అంచు వెడల్పు టోపీ, కళ్ళ కింద దాకా కట్టిన నూలు గుడ్డ చెబుతాను. పొలంలో నీళ్ళ మీద నుంచి కూడా కొంత వెలుగు పైకి కొడుతుంది, అందుకే బుగ్గలు కప్పమనడం. సన్నటి పాత చీరచెంగు ఆపేది తక్కువ. గుడ్డను వెలుగుకెదురు పట్టి చూసుకోమంటాను. నేత ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు.

మందుల్లో నాకు ఇష్టమైనది అజెలాయిక్ యాసిడ్. నిదానం, కొంచెం చురచురలాడుతుంది, కానీ గర్భిణులకూ ఇవ్వొచ్చు. నిజానికి కడుపుతో ఉన్నవాళ్ళకి ఎండ జాగ్రత్త చెప్పి, కాన్పయ్యాక చూద్దాం అనడమే ఎక్కువ. చాలామందికి ఆ తరవాతి నెలల్లో దానంతటదే పలచబడుతుంది. మొండి మంగుకి ట్రానెక్సామిక్ యాసిడ్ బిళ్ళలు ఇస్తే, ‘‘ఇది నెలసరి ఎక్కువైతే ఇచ్చే మందు కదండీ’’ అని అనుమానంగా చూస్తారు. నిజమే. 1979లో జపాన్‌లో ఒక డాక్టరు దద్దుర్లకి ఈ మందు ఇస్తే ఆ మనిషి మంగు తేలికపడింది, అప్పటి నుంచీ ఇటువైపూ వచ్చింది. రక్తం గడ్డకట్టిన చరిత్ర, గుండెజబ్బు, పక్షవాతం, గర్భనిరోధక మాత్రలు ఉన్నాయా అని అడగకుండా దాన్ని ఎవరిచ్చినా తీసుకోకండి. లేజర్ గురించి తరచూ అడుగుతారు, నేను వెనకాడతాను. చామనఛాయ చర్మం వేడికి నొచ్చుకుంటే జవాబు నల్లరంగులోనే ఇస్తుంది. అదే కారణంగా నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్ళడం, జాజికాయ అరగదీసి గట్టిగా రుద్దడం వద్దంటాను. శనగపిండితో మెల్లగా కడుక్కుంటే నష్టం లేదు, మంగుకి లాభమూ లేదు.

‘‘మూడు వారాల్లో పెళ్ళండీ’’ అంటూ తల్లీకూతుళ్ళు వస్తారు. మూడు వారాల్లో నేను చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చేస్తానన్నవాళ్ళు స్టెరాయిడే రాస్తారు. మంచి మేకప్ ఆర్టిస్టు దగ్గరికి వెళ్ళండి, మచ్చ మీద ముందు నారింజ ఛాయ వేసి, పైన మీ రంగు ఫౌండేషన్ వేస్తే ఫొటోల్లో ఏమీ కనపడదు అని చెప్పి పంపిస్తాను. ఈ విషయంలో వాళ్ళ పనితనం ముందు నా మందులు దిగదుడుపే. పెళ్ళి హడావుడి అయ్యాక రండి, అప్పుడు మొదలుపెడదాం అంటాను. ఆ వచ్చేది ఆషాఢంలో. మబ్బు పట్టింది కదండీ, సన్‌స్క్రీన్ ఎందుకు అని అడుగుతారు. యూవీఏకి మబ్బు పెద్ద అడ్డేమీ కాదు, రాయాల్సిందే.