పక్కన కూర్చోవడమూ నేర్చుకోవాల్సిన పనే

వానాకాలం దగ్గర పడిందంటే భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో సమీక్షలు మొదలవుతాయి. పడవలు ఎన్ని, ఇసుక బస్తాలు ఎన్ని, గజ ఈతగాళ్లు ఎవరు, పునరావాస కేంద్రాలుగా ఏ బడులు పనికొస్తాయి, నెలలు నిండిన గర్భిణుల్ని ముందుగానే ఏ ఆసుపత్రికి చేర్చాలి, ఇలా అన్నీ రాసుకుంటారు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు మా వైపు పిల్లలకు కూడా నోటికి వచ్చు. నేను చూసిన జాబితాల్లో మాత్రం ఒక పని కనబడలేదు. సర్వం పోగొట్టుకుని వచ్చిన మనిషి పక్కన ఎవరు కూర్చోవాలి? కూర్చుని ఏం చేయాలి?

ములకలపల్లి వైపు ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు నేను నేర్పేది ఈ పనే. ములకలపల్లి గోదావరి ఒడ్డున లేదు. చుట్టూ అడవి, వాగులు, కోయ గూడేలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల ఆవాసాలు. ఇక్కడ ఆపద ఊరి మీద ఒక్కసారిగా పడటం తక్కువ, ఇంటింటికీ విడివిడిగా వస్తుంది. వాగు దాటుతూ కొట్టుకుపోయినవాడు, చేలో పాము కరిచినవాడు, పిడుగు పడి పోయినవాడు, అప్పుల బాధతో ప్రాణం తీసుకున్నవాడు. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్తతో లోకానికి అది ముగిసిపోతుంది. ఆ ఇంట్లోవాళ్లకు మొదలయ్యేది అక్కడే.

శిక్షణలో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాం. ఒకరు కొడుకు పోయిన తల్లి, ఇంకొకరు పలకరించడానికి వచ్చిన ఆశా. పలకరించే మనిషి నోట మొదట వచ్చే మాటలు దాదాపు ఒకటే తీరు. ‘ఊరుకో వదినా, ఏడిస్తే పోయినోడు తిరిగొస్తడా?’ ‘చిన్నోడున్నడు గదా, వాడి మొహం చూసి గుండె దిట్టం చేసుకో.’ ఆ వెంటనే, ‘అసలు ఎట్ల జరిగింది?’ తర్వాత ఇద్దర్నీ అటూ ఇటూ మారుస్తాం. తల్లి స్థానంలో కూర్చుని లేచిన వాళ్లు చెప్పేదీ ఒకటే, ఆ చివరి ప్రశ్నే అన్నిటికన్నా బరువుగా ఉందని. నిజంగా చావు జరిగిన ఇంట్లో ఆ తల్లి వచ్చిన ప్రతి చుట్టానికీ అదే కథ మొదటి నుంచీ చెప్పుకోవాలి. చెప్పిన ప్రతిసారీ ఆ వాగు ఒడ్డున మళ్లీ నిలబడాలి.

లోపలిదంతా వెళ్లగక్కితే మనసు తేలికవుతుందని వైద్యలోకం కూడా చాలాకాలం గట్టిగానే నమ్మింది. 1980లలో అమెరికాలో ఒక పద్ధతి వచ్చింది. ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే బాధితుల్ని కూర్చోబెట్టి, ఏం చూశారు, ఏమనిపించింది అని వరసగా చెప్పించేవాళ్లు. అది దేశదేశాలకూ పాకింది. 1997లో బ్రిటన్‌లో కాలిన గాయాలైన వాళ్ల మీద దాన్ని పరీక్షించారు. 13 నెలల తర్వాత చూస్తే, అలా చెప్పించిన వాళ్లలో 26 శాతం మందిని ఆ ఘటన తాలూకు మానసిక వ్యాధి వదల్లేదు. చెప్పించని వాళ్లలో అది 9 శాతమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు ఆ పద్ధతి వద్దంటోంది. దాని బదులు 2011లో మానసిక ప్రథమ చికిత్స మీద ఒక చిన్న మార్గదర్శిని తెచ్చింది. దాని సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు.

చూడు అంటే ముందు పరిస్థితి చూసుకోవడం. ఆ మనిషి తడి బట్టల్లో ఉందా, పొద్దుటి నుంచి మంచినీళ్లైనా తాగిందా, చంటిపిల్ల ఎవరి దగ్గర ఉంది? విను అంటే ఆమె చెబితే వినడం, చెప్పకపోతే ఊరికే పక్కన కూర్చోవడం. మాకు అన్నిటికంటే కష్టంగా వచ్చే విద్య ఇదే. మౌనంగా ఉంటే ఏమీ చేయనట్టు అనిపించి నోరు ఆగదు. మూడోది కలుపు. ఇక్కడ కలపడమంటే ఎక్కువగా కాగితాల పనే. పోలీసుల పంచనామా ఎందుకో, పోస్టుమార్టం ఎక్కడ చేస్తారో, మరణ ధ్రువీకరణ పత్రం ఎవరిస్తారో, పట్టా ఉన్న రైతైతే రైతు బీమా 5 లక్షలకు ఏమేం జతచేయాలో నెమ్మదిగా, అవసరమైతే మళ్లీ మళ్లీ చెప్పడం. దుఃఖంలో ఉన్న చెవికి ఒకసారి చెప్పింది ఎక్కదు. ఆఫీసుకు తోడు వెళ్లడం నా లెక్కలో ఎంత మంచి మాటకైనా సమానమైన ఓదార్పు.

ఇంకో ప్రశ్న ఉంది. అది అడగడానికి అందరూ జంకుతారు. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా అత్తా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. సూటిగా, ప్రేమగా అడిగితే చాలామందికి గుండెల మీది బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకూడదు. ఇంట్లోని పురుగుమందులు ఆ రోజే వేరే చోటికి చేర్చాలి. ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టెలీ మానస్ సహాయవాణి నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇదంతా పెద్ద డాక్టర్లు చేయాల్సిన పని కదా అనేవాళ్లున్నారు. 1942లో బోస్టన్‌లో ఒక నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. ఆ కుటుంబాల్ని దగ్గరగా చూసిన ఎరిక్ లిండెమన్ అనే మానసిక వైద్యుడు, దుఃఖంలో ఉన్నవాళ్లకు సాయం చేయడంలో మత గురువులకు, సామాజిక కార్యకర్తలకు కూడా చోటుందని అప్పుడే రాశాడు. మన దేశంలో ఒడిశా పెను తుపాను, గుజరాత్ భూకంపం, సునామీ తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు స్థానిక కార్యకర్తలకే శిక్షణ ఇచ్చారు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు రావడం అదే. అలాంటి రోజున ఇంటింటికీ ఒక మానసిక వైద్యుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాం? గూడెంలో అందుబాటులో ఉండేది ఆశానే. పైగా ఆమెకు కోయ మాట వచ్చు. దుఃఖంలో మనిషి నోట వచ్చేది అమ్మభాషే కదా.

వరద తర్వాత వాన చప్పుడుకే ఉలిక్కిపడి లేవడం, పిల్లలు పక్క తడపడం, అన్నం సయించకపోవడం జబ్బులు కావు. చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. నెల దాటినా నిద్ర పట్టకపోతే, పనిలోకి పోలేకపోతే, అప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలి. ఆ తేడా తెలియాలంటే మళ్లీ వెళ్లి చూడాలి. దినకర్మ అయ్యేదాకా ఇల్లు నిండా జనమే. పన్నెండో రోజు నుంచి ఎవరూ రారు. అందుకే నెల తిరిగేలోపు ఆ గడప మళ్లీ తొక్కమని ప్రతి ఆశాకూ చెబుతాను. అలా తిరిగే ఆశా మనసును అడిగే మనిషి కూడా ఉండాలి. మునిగిన ఇళ్లలో ఆమె ఇల్లూ ఒకటి కావచ్చు.

ఒక్కరోజు వర్క్‌షాపు పెట్టి సర్టిఫికెట్ ఇస్తే ఈ పని రాదు. ఏటా మృగశిర కార్తెకు ముందే, తెలుగులోనూ కోయలోనూ, ఆశాలతోపాటు ఆశ్రమ పాఠశాలల వార్డెన్లను, 108 సిబ్బందిని, పంచాయతీ కార్యదర్శుల్ని కూర్చోబెట్టి సాధన చేయించాలి. భద్రాచలం ఐటీడీఏ, జిల్లా వైద్యశాఖ కలిస్తే పెద్ద ఖర్చు లేకుండానే అవుతుంది. పడవలు, ఇసుక బస్తాలు రాసే ఆ జాబితాలోనే ఇంకో వరస చేర్చండి: ఏ గూడెంలో ఆపద వస్తే, ఎవరు వెళ్లి పక్కన కూర్చుంటారు? ఆ గడిలో పేరు నిండితేనే మన సన్నద్ధత పూర్తయినట్టు.