బల్లల వరుస, మాటల వంతు: విశాఖపట్నం నేపథ్యంలో ఆంగ్ల తరగతి గది

ఆంగ్లబోధనపై జరిగే చర్చల్లో పాఠ్యపుస్తకానికీ బోధనా పద్ధతికీ దక్కిన ప్రాధాన్యం విద్యార్థులు కూర్చునే అమరికకు దక్కలేదు. అది క్రమశిక్షణకు సంబంధించిన విషయంగానే మిగిలిపోయింది. విశాఖపట్నం చరిత్ర తెలిసినవారికి ఈ ఉపేక్ష వింతగా తోస్తుంది. 1906లో ఈ ప్రాంతానికి పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ భాషను సంభాషణ ద్వారా నేర్పే ప్రత్యక్ష పద్ధతిని ప్రోత్సహించాడు. శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆయనతో కలిసి నడిచారు. వ్యావహారిక భాషోద్యమానికి ఊపిరి పోసిన ఆ ఆలోచన తరగతి గదిలోని బల్లల దాకా రాలేదు.

1970లో ఆడమ్స్, బిడిల్ ప్రకటించిన పరిశీలనలో ఉపాధ్యాయునితో జరిగే మాటల్లో అధికభాగం ముందు వరుసకూ మధ్య వరుసకూ పరిమితమైంది. 1999లో మార్క్స్, ఫ్యూరర్, హార్టిగ్ నాలుగో తరగతి పిల్లలను పరిశీలించి, వరుసల్లో కంటే అర్ధవృత్తాకారంలో కూర్చున్నప్పుడు వారు ఎక్కువ ప్రశ్నలు అడిగారని తేల్చారు. వీటిని చూపి వరుసలు తీసేస్తే ఆంగ్లం వచ్చేస్తుందనుకోవడం తొందరపాటు. ప్రశ్నల సంఖ్య పెరగడం వేరు, భాష అలవడడం వేరు.

దక్షిణ భారతంలోనే దీనికి ప్రతివాదం ఉంది. 1979–84 మధ్య బెంగళూరు, మద్రాసు తదితర ప్రాంతాల పాఠశాలల్లో ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రయోగంలో బృందచర్చకు చోటివ్వలేదు. భాష అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే తప్పులే స్థిరపడతాయని ఆయన భయం. మార్చకుండా ఉంచిన వరుసల్లోనే, ఆలోచన రేకెత్తించే పనుల ద్వారా ఆయన బోధన సాగించారు. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేం. అయితే ఆయన పద్ధతిలో ఉపాధ్యాయుని చూపు చివరి బల్లదాకా చేరాలి. నలభై, యాభై మంది ఉన్న గదిలో అది ఎంతవరకు సాధ్యం?

విశాఖలో ఈ ప్రశ్న మరింత జటిలం. పాతనగరంలోని జాలరి కుటుంబాల పిల్లలు నలుగురు ఎదురెదురుగా కూర్చుంటే చర్చ తెలుగులో సాగడమే సహజం. దాన్ని దోషమనడం అన్యాయం. అర్థం బోధపడేది మాతృభాషలోనే. ఉక్కునగరం వంటి చోట తెలుగు, ఒడియా, హిందీ, బెంగాలీ ఇళ్ల పిల్లలు కలిసినప్పుడు ఉమ్మడి భాష అవసరమవుతుంది. అప్పుడు అదే అమరిక ఆంగ్లానికి తోడ్పడవచ్చు, లేదా హిందీకి దారి తీయవచ్చు. కాబట్టి బల్లలు వృత్తంలో ఉన్నాయా, వరుసలో ఉన్నాయా అన్నదానికంటే ముందు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది చూడాలి.

2019లో మొదలైన ‘మన బడి నాడు–నేడు’ ప్రభుత్వ పాఠశాలలకు కొత్త బల్లలు అందించింది. ఇద్దరు కూర్చునే బల్లను కదపనక్కరలేదు. ముందున్న జంట వెనక్కి తిరిగితే నలుగురవుతారు. చివరి బల్లకు మాత్రం వెనక ఎవరూ లేరు. ఇంట్లో ఆంగ్లం వినని, పిలిస్తే తప్ప నోరు విప్పని పిల్లలు చేరేది తరచుగా అక్కడికే. పీరియడులో ఎన్నిసార్లు, ఏ భాషలో, ఎవరికి మాట్లాడే వంతు వచ్చిందో ఆ బల్ల నుంచి లెక్కించే పరిశీలనే ఇక జరగవలసినది.