స్వలింగ వివాహం - అభ్యుదయవాదుల సంకోచం

స్వలింగ వివాహాల ప్రసక్తి వచ్చినప్పుడు మన అభ్యుదయవాదులు సాధారణంగా రెండు మాటలు అంటారు. ‘సమాజం ఇంకా అందుకు సిద్ధంగా లేదు’ అన్నది ఒకటి. ‘వివాహమే ఆస్తి సంబంధాల మీద నిలిచిన వ్యవస్థ, మనం అందులోంచి బయటపడాలని చూస్తుంటే వీళ్ళు లోపలికి రావటానికి పోరాడటమేమిటి?’ అన్నది రెండోది. మొదటి మాట అనేవాడు తాను వాస్తవికవాదినని అనుకుంటాడు. రెండో మాట అనేవాడు తాను విప్లవవాదినని అనుకుంటాడు. చివరకు ఇద్దరూ చేసేది ఒక్కటే - చేతులు కట్టుకుని కూర్చోవటం. సనాతనవాదులు ఏమంటారో మనకు తెలుసు; వారికి జవాబు చెప్పటం కష్టం కాదు. మనలోనే వినిపించే ఈ రెండు మాటలను పరీక్షించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు వాస్తవాలు చూద్దాం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పరస్పర సమ్మతితో వయోజనులు పెట్టుకునే స్వలింగ సంబంధాలను శిక్షాస్మృతి 377వ సెక్షన్ పరిధి నుంచి తప్పించింది. 1860లో తెల్లవాళ్ళు రాసిన ఆ సెక్షన్ దేశానికి స్వాతంత్య్రం వచ్చిన తర్వాత కూడా 71 సంవత్సరాలు ఆ మనుషుల నెత్తిన కత్తిలా వేలాడింది. ప్రేమించటం నేరం కాదని తేలిన తర్వాత, ప్రేమించినవారితో చట్టబద్ధంగా కాపురం చేసే హక్కు మాటేమిటన్న ప్రశ్న రాక తప్పదు. హైదరాబాదులో నివసిస్తున్న ఒక జంట, వారితోపాటు మరికొందరు, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలని కోర్టుకెక్కారు. 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. వివాహం చేసుకోవటం ప్రాథమిక హక్కు కాదనీ, చట్టాన్ని మార్చవలసింది కోర్టు కాదనీ అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు. వివాహం అనకపోయినా ఆ జంటల సహజీవనానికి చట్టపరమైన గుర్తింపు - కొన్ని దేశాల్లో ‘సివిల్ యూనియన్’ అంటున్నది - ఇవ్వవలసిన బాధ్యత రాజ్యానికి ఉందని ఇద్దరు అన్నారు. లేదని ముగ్గురు అన్నారు. ముగ్గురి మాట చెల్లింది. 2025 జనవరిలో పునర్విచారణ పిటిషన్లను కూడా కోర్టు తోసిపుచ్చింది.

ఈ వ్యవహారంలో కేంద్ర ప్రభుత్వం చేసిన వాదన ఒకటి మనం ప్రత్యేకంగా గమనించాలి. ఇదంతా నగరాల్లోని ఉన్నతవర్గాల అభిప్రాయమే తప్ప దేశ ప్రజల అభిప్రాయం కాదని అది వాదించింది. ఈ మాట వినగానే మనవాళ్ళు కొందరు లోలోపల తల ఊపారు. కాని 1987లో మధ్యప్రదేశ్‌లో పెళ్ళి చేసుకుని, ఆ కారణంగా ఉద్యోగాలు పోగొట్టుకున్న ఇద్దరు స్త్రీలు ఏ ఉన్నతవర్గానికి చెందినవారు? వారు పోలీసు కానిస్టేబుళ్ళు. హిజ్రాలు శతాబ్దాలుగా బతుకుతున్నది ఏ భవనాల్లో? ప్రజలను సాకుగా చూపేవాడు ప్రజలను ఎరిగినవాడు కానవసరం లేదు.

సరే, ప్రజాభిప్రాయమే చూద్దాం. ప్యూ అనే అమెరికన్ పరిశోధన సంస్థ 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం మన దేశంలో స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఉండాలన్నవారు నూటికి 53 మంది, వద్దన్నవారు 43 మంది. ఈ అంకెలను వేదవాక్యంగా తీసుకోమని నేననను. ఇంటికొచ్చి అడిగిన అపరిచితుడితో ‘ఉండనివ్వండి’ అన్నవాడే, తన కూతురు ఆ మాట అంటే గదిలో పెట్టి తాళం వెయ్యవచ్చు. అయినా ‘సమాజం సిద్ధంగా లేదు’ అని అంత ధీమాగా చెప్పటానికి ఆధారం లేదని మాత్రం ఈ అంకెలు చెపుతున్నాయి.

అసలు, సమాజం సిద్ధపడిన తర్వాత వచ్చిన సంస్కరణ ఏది? 1856లో వితంతు వివాహ చట్టం వచ్చేటప్పుడు దానికి వ్యతిరేకంగా సంతకాలు చేసినవారు అనుకూలంగా చేసినవారికన్న ఎన్నో రెట్లు ఎక్కువ. సంతకాలు లెక్కపెట్టుకుని ఆగి ఉంటే ఆ చట్టం వచ్చేది కాదు. హిందూ కోడ్ బిల్లు సంగతీ అంతే. దేశం సిద్ధంగా లేదనే మాట అడుగడుగునా అడ్డురాగా, 1951లో అంబేద్కర్ మంత్రిపదవికి రాజీనామా చేయటానికి ఆ బిల్లును నీరుగార్చటం ఒక ముఖ్య కారణమయింది.

అయితే ఇందులోనే రెండో సత్యం కూడా ఉన్నది. 1856లో చట్టం వస్తే, రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. పాతికేళ్ళపాటు ఆంధ్రదేశంలో ఆ చట్టం కాగితం మీదనే పడుకున్నది. దాన్ని లేపటానికి పత్రిక కావలసి వచ్చింది, సభలు కావలసి వచ్చాయి, వెలివేతను భరించే నలుగురు మనుషులు కావలసి వచ్చారు. చట్టానికి అభిప్రాయం అవసరమే. కాని అభిప్రాయం వర్షంలాగా ఆకాశం నుంచి పడేది కాదు, ఎవరో తయారుచేసేది. మనం తయారుచేయకపోతే మన ప్రత్యర్థులు తయారుచేస్తారు. అంచేత ‘సమాజం సిద్ధంగా లేదు’ అని అభ్యుదయవాది అన్నప్పుడు అతను సమాజాన్ని వర్ణించటం లేదు. తన సోమరితనాన్ని వర్ణించుకుంటున్నాడు.

చట్టం అభిప్రాయాన్ని ఎలా మారుస్తుందో చెప్పటానికి తైవాన్ మంచి ఉదాహరణ. అక్కడ 2018 ప్రజాభిప్రాయ సేకరణలో అధిక సంఖ్యాకులు స్వలింగ వివాహాన్ని తిరస్కరించారు. కాని 2017లోనే రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పును అనుసరించి 2019 మేలో చట్టం అమలులోకి వచ్చింది. ఆకాశం విరిగిపడలేదు. పక్కింట్లో ఇద్దరు కాపురముంటున్నారు, పాలవాడు పాలు పోస్తున్నాడు - అంతే. ఆ తరువాతి సంవత్సరాల సర్వేలలో మద్దతు సగం దాటింది.

ఇక రెండో వాదం. వివాహం వ్యక్తిగత ఆస్తితో పుట్టిన వ్యవస్థ అని 1884లోనే ఎంగెల్స్ చెప్పాడు. కాదనటం లేదు. మన సాహిత్యంలో ఈ సంగతి ‘కన్యాశుల్కం’ చూపినంత స్పష్టంగా మరొకటి చూపలేదు. ఆ నాటకంలో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెడతాడు. మగపిల్లవాడికీ ముసలివాడికీ వివాహం జరిగిపోతుంది. ఎవరూ కనిపెట్టరు. ఎందుకు? ఆ పెళ్ళిలో చూడవలసిందల్లా బేరం కనుక! రొక్కం సరిపోయింది, తతంగం ముగిసింది. పీటల మీద కూర్చున్న మనిషి ఎవరన్నది ఎవరికీ పట్టలేదు. గురజాడ స్వలింగ ప్రేమను గురించి రాశాడని నేను చెప్పటం లేదు. అలా చెప్పటం అతిశయోక్తి అవుతుంది. వివాహం అనే వ్యవస్థ అన్నిటినీ తనిఖీ చేసి మనుషులను మాత్రం తనిఖీ చేయదని ఆయన చూపాడని మాత్రం అంటాను.

కొన్నేళ్ళ కిందట నేను ఈ ఘట్టం పాఠం చెపుతున్నాను. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. గంట కొట్టిన తర్వాత ఒక కుర్రవాడు వెనక ఉండిపోయి, ‘మాస్టారూ, ఆ ఇద్దరూ మగవాళ్ళు కాబట్టి అది పెళ్ళి కాదా, లేక ఒకరి ఇష్టం లేకుండా మోసంతో జరిగింది కాబట్టి కాదా?’ అని అడిగాడు. అది ప్రహసనమనీ, పరీక్షలో ఆ ప్రశ్న రాదనీ చెప్పి పంపించాను. ఇరవై ఏళ్ళుగా సాహిత్యం చదువుతున్నవాణ్ణి. నాటకంలోని కీలకాన్ని ఆ కుర్రవాడు పట్టుకున్నాడని నాకు తట్టలేదు. వాడు ఎందుకు అడిగాడో అసలే తట్టలేదు. ఆ సంవత్సరమే వాడు చదువు మానేశాడు. నేను వాకబు చేయలేదు.

ఆ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెపుతాను. లుబ్ధావధాన్లు వివాహంలో దుర్మార్గం ఇద్దరూ మగవాళ్ళు కావటంలో లేదు. మనిషిని కొనటంలో ఉన్నది. నిజంగా ఆడపిల్లే అయి ఉంటే ఆ దుర్మార్గం రెట్టింపయ్యేది, కాని చట్టమూ సంఘమూ దాన్ని దీవించేవి. ఇష్టం లేని పెళ్ళిని దీవించి, ఇష్టమైన పెళ్ళిని నిషేధించే వ్యవస్థను విమర్శించేవాడు, ఆ నిషేధాన్నే సమర్థించటం ఏ తర్కం?

పైగా వివాహం వెలుపల ఉన్నవాడు ఆస్తి సంబంధాల వెలుపల ఉండడు. ఇరవై ఏళ్ళు కలిసి బతికిన ఇద్దరిలో ఒకరు చనిపోతే గ్రాట్యుటీ, పింఛను, ఇంటి సామానూ ఎవరికి పోతాయి? ఇంట్లోంచి తరిమేసిన అన్నదమ్ములే వచ్చి పట్టుకుపోగలరు. డబ్బున్నవాడు వకీలుతో వీలునామా రాయించుకుంటాడు. మిల్లు కార్మికుడు ఏం చేస్తాడు? కనుక ఇది వర్గ ప్రశ్న కాదనేవాడికి వర్గమంటే ఏమిటో తెలియదు. 2024లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి జంటలను రేషను కార్డు విషయంలో ఒకే కుటుంబంగా చూడాలనీ, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డంకి లేదనీ ప్రకటించింది. బియ్యం దగ్గర కుటుంబమే, పింఛను దగ్గర పరాయివాళ్ళా?

‘పోనీ, వివాహం వద్దు, సివిల్ యూనియన్ చాలు’ అని మధ్యేమార్గం చెప్పేవారున్నారు. విందులో అందరికీ అదే వంట, కొందరికి మాత్రం వేరే పంక్తి - ఈ మర్యాద మన దేశానికి కొత్త కాదు. ఆకలిగా ఉన్నవాడు ఆ పంక్తిలోనైనా కూర్చుంటాడు. కూర్చోవద్దనే అధికారం కడుపు నిండిన మనకు లేదు. కాని పంక్తి భేదమే న్యాయమని అనటం మాత్రం మన పని కాదు.

మన చరిత్ర ఈ విషయంలో నిర్మలమైనది కాదు. అక్టోబరు విప్లవం తర్వాత 1922 సోవియట్ శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధం నేరంగా లేదు. 1934 నాటికి మళ్ళీ నేరమయింది. క్యూబాలో 1960లలో ఇలాంటివారిని శ్రమ శిబిరాలకు పంపారు. ఆ అన్యాయానికి బాధ్యత తనదేనని 2010లో ఫిడెల్ కాస్ట్రో ఒప్పుకున్నాడు. 2022 సెప్టెంబరు 25న అదే క్యూబాలో స్వలింగ వివాహాన్ని గుర్తించే కుటుంబ చట్టానికి నూటికి సుమారు 67 మంది ఓటు వేశారు. తప్పు చేయటం కాదు, తప్పును సిద్ధాంతంగా నిలుపుకోవటమే పతనం.

మన విమర్శకులు, అధ్యాపకులు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. మన కథల్లో, సినిమాల్లో ఆడంగి పాత్రను చూసి జనం నవ్వేచోట, ఆ నవ్వు ఎవరి మీద, ఎందుకు అని అడగటం. తరగతి గదిలో వెనక ఉండిపోయిన కుర్రవాడు ప్రశ్న వేస్తే, అది పరీక్షలో రాదని చెప్పి పంపించకపోవటం. ప్రజాభిప్రాయం మారేది అక్కడే.